గుఱ్ఱపుపందెములును గణాంకశాస్త్రమును

దురాచారములు తమ సొంతబలముతో నిలువజాలనప్పుడు కాలమునకు దగిన గౌరవవేషమును ధరించి నిలుచుచుండును. మతమునందు జనులకు భక్తి మెండుగా నున్న దినములలో నవి మతవేషమును ధరించినవి. శాస్త్రమునందు భక్తి హెచ్చిన దినములలో శాస్త్రవేషమును ధరించుచున్నవి. దీపావళినాటి జూదము లక్ష్మీప్రదమని చెప్పుకొనుట మొదటిదానికి నిదర్శనము. గుఱ్ఱపుపందెము జూదమే కాదనియు, నది గణాంకశాస్త్రమును బ్రయోగించుట యనియు జెప్పుకొనుట రెండవదానికి నిదర్శనము. పూర్వము పందెగాడు బల్లిపాటును, ఎదురువచ్చిన మనిషిని, కలలో గనబడిన యంకెను నమ్మి రూపాయి యొడ్డెడివాడు. నేటి పందెగాడు గడచిన పరుగుల పట్టికలను ముందిడుకొని, సగటులు కట్టి, గుఱ్ఱము తీరు పైకి బోవుచున్నదో క్రిందికి దిగుచున్నదో గీతలు గీచి చూచి, యా తరువాత నొడ్డుచున్నాడు. మొదటివానిని మనము మూఢుడంటిమి. రెండవవానిని బుద్ధిమంతుడనవలెనా? ఈ ప్రశ్నకు దొందరపడి సమాధానము చెప్పరాదు.

జూదమును దిట్టుట సులభము. తిట్టు విని జూదము మానినవానిని మాత్రము మేమెఱుగము. కావున నెదుటిపక్షమున గల సత్యమును ముందుగా నొప్పుకొందము. గుఱ్ఱము పాచికవంటిది కాదు. పాచికకు నిన్నటి పాటు జ్ఞాపకముండదు. గుఱ్ఱమునకు నిన్నటి యలసట కాళ్లయందుండును. హైదరాబాదున మౌలాలిలో జరుగుచుండిన పందెములను ఆఱవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను 1886వ సంవత్సరమున మలకపేటకు మార్పించెను. వానకాలమునను, చలికాలమునను నచ్చట పందెములు జరుగు దినములలో నమ్మబడు రేసుపుస్తకమును దెఱచి చూచినచో, నందు బ్రతి గుఱ్ఱమునకును దల్లిదండ్రుల పేళ్లు, వయసు, మోయవలసిన బరువు, బయలుదేఱు గడి, జాకీ పేరు, శిక్షకుని పేరు, గడచిన పరుగులలో వచ్చిన స్థానములు కనబడును. పెండ్లిసంబంధము చూచుకొను తండ్రికి సైత మిన్ని వివరములు దొరకవు! ఇన్ని వివరములున్నచోట వివేకమునకు దావు లేదనుట న్యాయము కాదు.

న్యాయస్థానము గూడ నట్లే చెప్పినది. తమిళనాడులో గుఱ్ఱపుపందెములను మాన్పింప జేసిన శాసనములకు సంబంధించిన వ్యాజ్యమున సుప్రీముకోర్టు 1996 జనవరి 12వ తేదీన తీర్పు చెప్పుచు, నీ పందెము ముఖ్యముగా నైపుణ్యముపై నాధారపడినదే కాని కేవలము దైవవశము కాదని నిర్ణయించెను. నాటినుండి పందెగాండ్రకీ తీర్పు వేదవాక్యమైనది. కాని న్యాయస్థానము ముందున్న ప్రశ్న వేఱు. సంసారి ముందున్న ప్రశ్న వేఱు. ఆటలో నైపుణ్యమున్నదా యని న్యాయమూర్తులు విచారించిరి. ఆ నైపుణ్యమును జూపుటకు జెల్లింపవలసిన వెల యెంత, ఆ వెల చెల్లించిన పిమ్మట నింటికి దెచ్చునదేమి యని సంసారి విచారింపవలెను. సంగీతమున నైపుణ్యమున్నవాడెల్ల గచేరీ చేసి కుటుంబమును బోషింపలేడు గదా.

మేము చిరకాలము బాలురకు గణితము చెప్పినవారము. మాయొద్ద జదువుకొని యిప్పుడొక కచేరిలో నుద్యోగము చేయుచున్న గృహస్థుడొకడు కొంతకాలము క్రిందట మా యింటికి వచ్చి, లావుపాటి పుస్తకము నొకదానిని మాముందుంచి, "మాస్టారూ, మీరు చెప్పిన లెక్కలు వ్యర్థము కాలేదు; చూడండి" అనెను. చూచితిమి. అంత చక్కని పుస్తకమును మా విద్యార్థులలో మఱియెవ్వరియొద్దను మేము చూచియుండలేదు. గుఱ్ఱమున కొక పుట. గెలిచిన పరుగు లెఱ్ఱసిరాతో, నోడినవి నల్లసిరాతో. దూరము, బరువు, నేల తడియా పొడియా, జాకీ యెవడు, ప్రాతఃకాలపు సాధనలో బట్టిన సమయమెంత - యన్నియు వరుసగా వ్రాయబడియున్నవి. ఈ శ్రద్ధలో నాలుగవపాలైన నాతడు మా తరగతిలో జూపియుండినచో నెంతటివాడై యుండెడివాడో యని మనసులో ననుకొంటిమి. మూడు సంవత్సరముల కష్టమది. ఆతని భార్య మెడలోని గొలుసు కుదువలో నున్నదని మా యింటి యాడువారివలన దరువాత మాకు దెలిసినది. కాని యా సంగతి పుస్తకములో నే పుటయందును లేదు.

ఆతని లెక్కలో దప్పులు లేవు. కూడికలు సరి, సగటులు సరి. లోపమంతయు లెక్క కానని వానియందున్నది. మొదటిది బరువు. మనదేశమున జరుగు పందెములలో బెక్కింట గుఱ్ఱములకు సమానమైన బరువు పెట్టరు. బాగుగా బరుగెత్తినదానికి హెచ్చుబరువును, వెనుకబడినదానికి దక్కువ బరువును బెట్టి, యన్నియు నొక్కసారిగా గమ్యమును జేరునట్లు చేయవలెనని బరువులు నిర్ణయించు నధికారి ప్రయత్నించును. దీనినే హాండికాపు అందురు. ఇంగ్లండున పందొమ్మిదవ శతాబ్దమున అడ్మిరల్ రౌస్ అను నాతడు వయసునుబట్టియు, దూరమునుబట్టియు నెంత బరువుండవలెనో పట్టికలు కట్టి యీ విద్యను స్థిరపఱచెను. కావున నొక గుఱ్ఱము వరుసగా రెండుమాఱులు గెలిచినదని మనవాడు గుర్తించుటకు ముందే యా యధికారి గుర్తించియుండును. దాని వీపుపై నాలుగు కిలోలు హెచ్చించియుండును. గుఱ్ఱము తీరు పైకి బోవుచున్నదని చూపు గీత నిజమే. ఆ గీతను గ్రిందికి లాగుటకై జీతమిచ్చి యొకని నియమించియున్నారన్న మాటయు నంతే నిజము.

రెండవది లెక్కింపదగిన సంఖ్య చాలమి. గోదావరి వఱదలను గూర్చి చెప్పువారు దశాబ్దముల కొలతలను జూచి చెప్పుదురు. ఒక గుఱ్ఱము ఋతువులో బరుగెత్తునది కొన్నిమాఱులే. అందొకటి 1200 మీటర్లు, ఇంకొకటి 1600 మీటర్లు. ఒకటి తడినేలపై, నింకొకటి పొడినేలపై. ఒకదానిలో నొక జాకీ, మఱియొకదానిలో వేఱొక జాకీ. "తడినేలపై 1400 మీటర్ల పరుగులో నీ జాకీ యెక్కినప్పుడిది యోడలేదు" అని మా శిష్యుడు గర్వముతో జూపెను. ఎన్నిమాఱులని యడిగితిమి. రెండుమాఱులనెను. రెండు వానలు చూచి యేటి పంచాంగమును వ్రాయవచ్చునా? ఇంకను జూడుడు. గడి, జాకీ, శిక్షకుడు, నేల, దూరము, వయసు - వీనిని గలిపి విడదీసినచో వందలకొలది వర్గములేర్పడును. అన్ని వర్గములలో గొన్నింటియందు గెలుపులు కుప్పగా బడుట యాకస్మికముగానే జరుగును. రాసిలో వెదకి, మెఱసినదానిని బైకి దీసి, యిదియే నియమమనుట గణాంకశాస్త్రము కాదు. మబ్బులలో నేనుగును జూచుటవంటిది.

ఈ యాకస్మికమును నమ్ముకొని యొక వర్తకమే నడచుచున్నది. పందెమున గెలుచు గుఱ్ఱమును ముందుగా జెప్పెదమని సొమ్ము గైకొనువారిని గూర్చి చెప్పుచున్నాము. వారి యద్భుతమెట్లు జరుగునో చూపుటకు గుఱ్ఱములు రెండే యనుకొందము. ఒకడు 1024 మందికి సందేశములు పంపును. సగముమందికి మొదటి గుఱ్ఱమనియు, సగముమందికి రెండవదనియు. ఏది గెలిచినను 512 మందికి వాని జోస్యము ఫలించును. వారికే మఱల బంపగా 256 మందికి ఫలించును. ఇట్లు పదిమాఱులు చేయునప్పటికి, పదింట పదియు ఫలించినవాడొకడు మిగులును. ఆ యొక్కని కంటికి వాడు దైవజ్ఞుడు. తక్కిన 1023 మందియు నోరు మెదపరు. ఓడినవాడు తన యోటమిని వీథిలో జాటడు గదా. గెలిచినవాని కేక మాత్రమే మన చెవికి వచ్చుటచేత లోకమున గెలుపులే హెచ్చని మనము భ్రమపడుదుము.

ఇంతవఱకు జెప్పినవి సవరింపదగిన లోపములు. శ్రద్ధగలవాడు మఱింత నేర్చి, పది సంవత్సరముల లెక్కలు తెచ్చి, వీనిని గొంతవఱకు దాటవచ్చును. దాటినను దాటరాని గోడ యొకటి కలదు. దానిని పందెగాండ్రు తఱచుగా మఱతురు. పందెమున మనము కొనునది గుఱ్ఱమును గాదు, ధరను. 1867 ప్రాంతమున పారిస్ నగరమున జోసెఫ్ ఓలేర్ అనునాతడు పందెపు సొమ్మునంతయు నొకచోట బోసి, నిర్వాహకుల భాగమును దీసివేసి, మిగిలినదానిని గెలిచినవారికి బంచు పద్ధతిని గల్పించెను. 1913లో న్యూజిలాండునందలి ఆక్లాండున జార్జి జూలియస్ యంత్రముచేత నీ లెక్క చేయించెను. నేడు మన మైదానములలో టోటు అనబడునది యీ సంతతిలోనిదే. ఇందు గుఱ్ఱము ధరను నిర్ణయించునది పందెగాండ్రందఱి యభిప్రాయమే. అందఱికిని దెలిసిన మంచిగుణమునకు ధర యప్పటికే హెచ్చియుండును. రేసుపుస్తకమున నచ్చుపడిన సంగతి యే యొక్కనికిని రహస్యము కాదు. రహస్యము కానిది లాభము తేదు.

ఒక యుదాహరణము. టోటులో 100 రూపాయలు చేరినవనియు, నందు 20 రూపాయలు నిర్వాహకులు తీసికొందురనియు లెక్కకై యనుకొందము. ఒక గుఱ్ఱముపై జనులు 25 రూపాయలు పెట్టిరి. అనగా దానికి నూటికి 25 పాళ్లు గెలుపున్నదని లోకమతము. అది గెలిచిన, మిగిలిన 80 రూపాయలను 25 పాళ్లు చేయగా రూపాయికి 3 రూపాయల 20 పైసలు వచ్చును. లోకమతము సరియైనదైన, నూఱుమాఱులు రూపాయిచొప్పున నొడ్డువాడు 25 మాఱులు గెలిచి 80 రూపాయలు పొందును, 20 పోవును. సరే, మా శిష్యుడు లోకముకంటె దెలివిగలవాడు. ఆ గుఱ్ఱమునకు నిజముగా 28 పాళ్లున్నవని యాతని పుస్తకము చెప్పినది, యది నిజమే యైనది. అప్పుడాతనికి వచ్చునది 89 రూపాయల 60 పైసలు. లోకమునంతటిని దెలివిలో నోడించియు నాతడు 10 రూపాయల 40 పైసలు పోగొట్టుకొనును! పోయినది రాబట్టుకొనుటకే 31 పాళ్లకు మించి యుండవలెను. బుకీయొద్ద నొడ్డినను పద్ధతి మాఱును గాని, యాతడును దన భాగమును ధరలోనే దాచుకొనును.

దీనిపై బన్ను. మనదేశమున పందెమునందు బెట్టిన పూర్తి మొత్తముపై 28 వంతుల జి.ఎస్.టి. యుండగా, 2025 సెప్టెంబరు 22వ తేదీనుండి యది నూటికి 40 అయినది. ఈ పన్ను గెలిచిన లాభముపై గాక, యొడ్డిన సొమ్ముపై లెక్కింపబడునని చదువరులు గమనింపవలెను. ఓడినవాడును జెల్లించును, గెలిచినవాడును జెల్లించును. ఇంతటి బరువును వీపున మోయుచు గెలువగల గుఱ్ఱమును మేమెన్నడును వినలేదు. ఇక పందెగాని మాట చెప్పనేల?

"అట్లయిన బెంటరు సంగతియేమి మాస్టారూ?" అని మా శిష్యుడు ప్రశ్నించెను. ప్రశ్న తగినదే. అమెరికా దేశస్థుడైన బిల్ బెంటరు 1980వ దశకమున హాంగుకాంగు జేరి, కంప్యూటరుచేత పరుగుల లెక్కలు వేయించి, చివరకు మిక్కిలి ధనము నార్జించెను. తన పద్ధతిని 1994లో నొక వ్యాసమున దానే వివరించెను. ఆ వ్యాసమును శ్రద్ధతో జదివినవారికి గనబడునది వేఱు. హాంగుకాంగున గుఱ్ఱములు కొలదియే, అవియే మఱల మఱల రెండు మైదానములలో బరుగెత్తును, లెక్కలు నమ్మదగినవి, పందెపు సొమ్ము సముద్రమువలె నుండును. అట్టిచోట ననేక కారణాంశములను గూర్చియు దన లెక్కయొక్కటే చాలదని బెంటరు గ్రహించి, లోకులు పెట్టిన ధరను గూడ దన లెక్కలో గలుపుకొనెను. అనగా లోకమతము తనకు దెలియని సంగతుల నెఱిగియున్నదని యొప్పుకొనెను. తొలినాళ్లలో నాతనికి నష్టమే వచ్చినది. అది మూలధనముతో, నుద్యోగులతో, యంత్రములతో నడచిన కర్మాగారము. ఆదివారము మధ్యాహ్నపు వినోదము కాదు. ఆతడు గెలిచిన సొమ్ము భూమినుండి పండినది గాదు. ఎఱ్ఱసిరాతోడి పుస్తకములను జంకబెట్టుకొని వచ్చిన వేలకొలది సంసారులు పోగొట్టుకొన్నదే యది. బెంటరు గెలుపును జూపి మా శిష్యుడు ధైర్యము తెచ్చుకొనుట, పులి బలిసినదని జూచి లేడి సంతోషించుట వంటిది.

ఇంకొక సంగతి గలదు. 1949లో గ్రిఫిత్ అను మనశ్శాస్త్రజ్ఞుడు అమెరికా పందెముల లెక్కలు చూచి, జనులు గెలుపునకు దూరముగా నున్న గుఱ్ఱములపై దగినదానికంటె నెక్కువయు, గెలుపునకు దగ్గరగా నున్నవానిపై దగినదానికంటె దక్కువయు నొడ్డుచున్నారని చూపెను. ఆ తరువాత నెన్నియో దేశములలో నిది కనబడినది. దీని యర్థమేమి? రూపాయికి ముప్పది వచ్చునన్న యాశకు మనిషి న్యాయమైన వెలకంటె హెచ్చువెల యిచ్చుచున్నాడు. ఋణము పెరిగినకొలది యీ యాశ పెరుగును. చివరి పందెమునాటికి, పోయినదంతయు నొక్కసారిగా రాబట్టవలెనని, యంతవఱకు నాదరించిన లెక్కలను బ్రక్కకు నెట్టి, టానాలాపైనో జాక్‌పాటుపైనో చేయి చాచును. ప్రొద్దుట గణాంకశాస్త్రజ్ఞుడైనవాడు సాయంకాలమునకు బల్లిపాటు చూచువానియొద్దకే వచ్చి చేరును.

మేము మా శిష్యుని మందలింపలేదు. "నాయనా, గుఱ్ఱముల పుస్తకము చూచితిమి. నీ పుస్తకమేది?" అని యడిగితిమి. ఆతనికి దెలియలేదు. ఒడ్డిన తేదీ, ఒడ్డిన సొమ్ము, పన్నుతో గూడ చేతినుండి వెడలినది, చేతికి వచ్చినది - ఈ నాలుగు గడులతో నింకొక పుస్తకము వ్రాయుమంటిమి. మైదానమునకు బోవు ఖర్చును, ఋణముపై వడ్డీని గూడ వేయుమంటిమి. వ్రాసినదానిని బ్రతి మాసాంతమున నింటి యిల్లాలికి జూపవలెనని నియమము పెట్టితిమి. మూడు సంవత్సరములుగా గుఱ్ఱముల చరిత్రను వ్రాసినవాడు తన చరిత్రను నాలుగు వారములు వ్రాయుటకు బడిన బాధ మేము చూచితిమి. మొదటి నెల రెండు పద్దులు వదలివేసెను. ఆ రెండును ఓటములే. గొలుసు కుదువనుండి విడిపింపబడుటకు ఋతువు గడచినది. ఇప్పటికిని నాతడు పరుగుల వార్తలు చదువుచునే యున్నాడు. ఒడ్డుట మాత్రము మానెనని యాతని భార్య చెప్పగా వింటిమి. మానెనో, తగ్గించెనో, యా రెండవ పుస్తకమే చెప్పవలెను. దానిని మేము నమ్మెదము.

మన పూర్వులకీ విషయము తెలియనిది కాదు. నన్నయభట్టారకుడు తెనిగించిన యరణ్యపర్వభాగమున నలోపాఖ్యానము గలదు. జూదమున రాజ్యము గోల్పోయిన నలుడు బాహుకుడను పేర ఋతుపర్ణునకు సారథియై రథము తోలుచుండగా, నా రాజు దారిలోని తాండ్రచెట్టును జూచి, దాని యాకులను, కాయలను లెక్కించి చెప్పును. సంస్కృతభారతమున రెండు కొమ్మలయందలి కాయలు 2095 అని యంకెతో సహా యున్నది. నలుడు నమ్మక, చెట్టును గొట్టి, లెక్కించి, సరిపోగా నాశ్చర్యపడి యా విద్యను గోరును. ఋతుపర్ణుడక్షహృదయమును, సంఖ్యాజ్ఞానమును ఇచ్చును. దానికి బ్రతిగా నలుడశ్వహృదయము నిచ్చును. లెక్కలును గుఱ్ఱములును జూదమును ఒక్క కథలో గలిసిన చోటిది. నలుడా విద్యతోడనే పుష్కరుని గెలిచెను గదా యని పందెగాండ్రు సంతోషింతురు. వారు కథలో నొక పంక్తిని దాటిపోవుచున్నారు. ఆ విద్య యబ్బిన క్షణముననే నలుని దేహమునుండి కలి వెలువడెను. జూదము గెలుచుటకు ముందు జూదపు బిశాచము వదలెను. ఆ పిమ్మట నలుడొక్కమాఱే యాడెను. తన రాజ్యమును దాను గైకొని యూరకుండెను. ఓడిన తమ్ముని క్షమించి పంపెను. నలుని జూదమున నిర్వాహకుల భాగము లేదు, మఱునాటి పందెమును లేదు. సంఖ్యాజ్ఞానము మనలోని కలిని వెడలగొట్టినదో, వానికి గ్రొత్త పీట వేసినదో యని పరీక్షించుకొనుటకింతకంటె మంచి గీటురాయి లేదు.

కావున మేము కోరునవి మూడు. పాఠశాలలలో సంభావ్యతను బోధించునప్పుడు నాణెములతోను, పాచికలతోను ముగింపక, నిర్వాహకుల భాగము తీసివేసిన పిమ్మట నూఱు రూపాయలెన్ని యగునో బాలురచేత గట్టింపవలెను. పందెపు జీటిపై నూటికెంత భాగము నిర్వాహకులకు బోవునో, యెంత పన్నునకు బోవునో పెద్దయక్షరములతో నచ్చువేయవలెను. బియ్యపు సంచిపై దూకము వ్రాయమని యడుగు ప్రభుత్వమిది యడుగరాదా? మూడవది గృహస్థుల పని. గుఱ్ఱములనుగూర్చి యెంత యెఱిగినను, తమ్ముగూర్చి వ్రాసుకొనని యంకె యంకె కాదని వారు తెలిసికొనవలెను. అంకెలు నిష్పక్షపాతముగ బలుకును గాని, యడిగినదానికే పలుకును. గుఱ్ఱమును గూర్చి యడిగిన గుఱ్ఱమును గూర్చి చెప్పును. ఇంటినిగూర్చి యడుగువాడు ఇంటి పద్దును దెఱువవలెను.